సుడికి ఎదురు

మొక్పో రేవులో, చేపల మార్కెట్ వెనక సందులో
నలభై ఏళ్ళుగా నా కత్తెరకి తెలిసింది ఒక్కటే: వరస.
అంతకు ముందు మూడేళ్ళు సైన్యంలో, రోజుకి అరవై తలలు,
నుదుటి నుంచి మెడదాకా మిషను ఒకటే పోక.
ఎవరి జుట్టు ఎవరిదో
ఊడ్చే చీపురుక్కూడా తెలిసేది కాదు.

ఇవాళ హేవొన్ వచ్చాడు.
ఎండుచేపల కొట్టు ఒక్‌బున్ మనవడు.
రెండేళ్ళ కింద, సైన్యానికి పోయే ముందురోజు
వాడికి గుండు గీసింది నేనే.
అప్పుడు వాడు అద్దంలోకి చూడలేదు,
నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"చెదరగొట్టు తాతా" అన్నాడు.
అంటే?
"కత్తిరించినట్టు ఉండకూడదు. దువ్వినట్టు అసలే ఉండకూడదు.
ఇప్పుడే నిద్రలేచి
ఎవరో పిలిస్తే పరుగెత్తుకొచ్చినట్టు ఉండాలి."
మరి నిద్రలేచి అలాగే రారాదూ, డబ్బు దండగ!
"లేచి చూశా.
ఒక పక్క ఎండబెట్టిన నాచు అట్ట,
ఇంకో పక్క ముళ్ళపంది."

నిజమే. మా వాళ్ళ జుట్టు వానగీత.
పైనుంచి కిందికి తప్ప దారి తెలీదు.
కుక్కతోక సామెత ఇక్కడ తిరగబడుతుంది,
ఎన్నాళ్ళు వంచి కట్టినా
విప్పగానే నిటారు.

కత్తెరని నిలువుగా పట్టాను.
అడ్డంగా కోస్తే గోడ,
కొసలు కొరికితే గడ్డి.
పొడుగు పక్కన పొట్టి, పొట్టి పక్కన ఇంకా పొట్టి,
ఏ వెంట్రుకకీ పక్కదానితో పొత్తు కుదరకూడదు.
నా చేతికి సిగ్గేసింది.
తెలియకుండానే సరిచెయ్యబోయింది,
రెండుసార్లు మణికట్టుని తిట్టాల్సి వచ్చింది.

ఉప్పునీళ్ళు చల్లాను.
(సముద్రం వంద అడుగుల్లో ఉంది.
దాన్నే సీసాలో పోసి పన్నెండు వేల వాన్‌లకి అమ్ముతున్నారు.
కొన్నాను, ఏం చెయ్యను.)
తర్వాత వేడిగాలి,
జుట్టు ఎటు వాలితే దానికి ఎదురు.

అప్పుడు బయటపడ్డాయి నడినెత్తిన
రెండు సుడులు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి.
రెండు సుడులకి రెండు పెళ్ళిళ్ళంటారురా మనూళ్ళో, అన్నాను.
"ఒకటి కుదిరితే చాల్లే తాతా."
చెవులు ఎర్రబడ్డాయి.
ఓహో.
పిలిచేవాళ్ళు ఉన్నారన్నమాట.

ఇలాంటి సుడులే ఇంకొక్కసారి చూశాను.
ఆ ఏడు చలికాలం, తనిఖీ వరసలో
ఒక కుర్రాడి జుట్టు ఎంత తడిపినా పడుకోలేదు.
సార్జెంట్ వాణ్ణి కొట్టి
నా ముందుకి తోశాడు.
చర్మం దాకా గీసేశాను.
కత్తి కింద కూడా అవి తిరుగుతూనే ఉన్నాయి,
తెల్లగా, మొండిగా.
పేరు అడగలేదు.
ఎటు తిరిగాయో మాత్రం
నా వేళ్ళు మర్చిపోలేదు.

శనగగింజంత మైనం, మెరుపు లేనిది,
అరచేతుల్లో నలిపి
వెనక నుంచి ముందుకి, కుదుళ్ళ దాకా.
పాయ లేస్తుంది, ఊపిరి పీల్చేలోగా పడుకుంటుంది.
మళ్ళీ లేపు.
ఈసారి సుడిని అణచలేదు నేను.
అది ఎటు లాగితే అటే వదిలాను,
తక్కినదంతా అదే చూసుకుంది.

యాభై నిమిషాలు పట్టింది
ఎవరూ ముట్టుకోనట్టు కనబడటానికి.

హేవొన్ ఇవాళ అద్దంలోకి చూశాడు.
చాలాసేపు చూశాడు.
తల ఇటూ అటూ తిప్పి, ఒక్క పాయని వేలితో తాకబోయి
భయపడి ఆగిపోయాడు.

తలుపు తెరవగానే రేవు గాలి,
స్క్విడ్ వాసనతో, ఒక్క ఊపున.
వాడు రెండు చేతులూ నెత్తిమీద
దీపానికి అడ్డం పెట్టినట్టు పెట్టుకుని
ఫెర్రీ దిక్కుకి పరుగు తీశాడు,
చెదిరింది
చెదరకుండా.